ఘాట్ దిగుతుంటే పట్టేసిన ఆర్ఎక్స్ 100: తప్పు బండిదా, నాదా?

తిరుపతి నుంచి మళ్ళీ నేనే. నా వెనకాల కనిపిస్తున్నది మా నాయన బండి. 1994 మోడల్ యమహా ఆర్ఎక్స్ 100, ఏపీ 03 నంబరు, అంటే మన పాత చిత్తూరు జిల్లా రిజిస్ట్రేషన్. ట్యాంక్ మీద స్టిక్కర్ కొత్తది, తక్కినదంతా పాతదే. దీన్ని ఎట్లా మెరిపించాలో చెప్పే వీడియోలు మీరు బోలెడు చూసుంటారు. ఈ రోజు విషయం అది కాదు. పోయిన సంవత్సరం ఇదే బండి మీద మా అమ్మను ఎక్కించుకుని తిరుమల ఘాట్ దిగుతుంటే ఇంజన్ పట్టేసింది. ఎందుకు పట్టేసిందో నాకు తెలిసేసరికి మూడు వారాలు అయింది.

ముందు ఈ బండి అంటే అంత పిచ్చి ఎందుకో చెప్తా. కార్ల వాళ్ళు లైట్‌వెయిట్ స్పోర్ట్స్ కార్ అని ఒక మాట అంటుంటారు. లోటస్ కార్లు, 1989లో వచ్చిన మాజ్దా మియాటా, అట్లాంటివి. పెద్ద ఇంజన్ పెట్టరు, బరువు తగ్గిస్తారు. ఆ మొదటి మియాటాకు 1.6 లీటర్ ఇంజన్, 116 హార్స్ పవర్, బరువు టన్నులోపే. అంటే టన్నుకు దాదాపు 120. ఇప్పుడు మన బండి చూడండి. 98 సీసీ, 11 బీహెచ్‌పీ, బరువు వంద కిలోల పైన కొంచెం. లెక్క వేస్తే టన్నుకు వంద దాటుతుంది. మియాటాకు మరీ దూరంగా ఏం లేదు! నేను ఎక్కి కూర్చుంటే లెక్క మొత్తం మారిపోతుంది, అది వేరే విషయం. మా వీధిలో మియాటా ఎవరికీ లేదు. స్పోర్ట్స్ కార్ అంటే మాకు ఇదే.

ఎస్కార్ట్స్ వాళ్ళు దీన్ని 1985 చివర్లో మొదలుపెట్టి 1996లో ఆపేశారు. అదే 1985లో హీరో హోండా సీడీ 100 వచ్చింది, ఫోర్ స్ట్రోక్, మైలేజ్ బండి. ఇది టూ స్ట్రోక్. ఫోర్ స్ట్రోక్‌లో క్రాంక్ రెండు చుట్లు తిరిగితే ఒకసారి మండుతుంది, టూ స్ట్రోక్‌లో ప్రతి చుట్టుకూ మండుతుంది. క్యామ్ షాఫ్ట్ లేదు, పైన వాల్వులు లేవు. అందుకే తేలిక, అందుకే ఆ లాగుడు. మన కరకంబాడిలో బ్యాటరీల ఫ్యాక్టరీ ఉంది కానీ దీనికి బ్యాటరీ లేకపోయినా ఒక్క కిక్కుకు స్టార్ట్ అవుతుంది. హారన్ మాత్రం మోగదు.

మరి చిక్కు యాడుంది? ఆయిల్‌లో ఉంది. మీ ఫోర్ స్ట్రోక్ బండిలో ఇంజన్ కింద ఆయిల్ నిలవ ఉంటుంది, పిస్టన్‌ను తడుపుతూనే ఉంటుంది. టూ స్ట్రోక్‌లో పిస్టన్ కింద అట్లా నిలవ ఉండదు. పెట్రోల్, గాలితో పాటు ఆయిల్ కూడా లోపలికి వచ్చి, పిస్టన్‌ను, బేరింగులను తడిపి, చివరకు కాలిపోయి పొగగా బయటికి పోతుంది. అంటే లోపలికి వచ్చినంతే తడి. దీనికోసం యమహా 1960లలోనే ఆటోల్యూబ్ అని చిన్న పంప్ తెచ్చింది. ఇంజన్ ఎంత వేగంగా తిరుగుతోంది, యాక్సిలరేటర్ ఎంత తిప్పారు, ఈ రెండింటినీ బట్టి అది ఆయిల్ కొలిచి పోస్తుంది. యాక్సిలరేటర్ పూర్తిగా మూసేసినా, ఇంజన్ తిరుగుతున్నంతసేపు కొంచెమైనా పోస్తూనే ఉంటుంది. ఈ ఒక్క మాట గుర్తు పెట్టుకోండి.

నేను ఉద్యోగం మానేసి ఇంటికి వచ్చిన కొత్తలో ఈ బండి షెడ్డులో దుమ్ము పట్టి ఉండేది. ఒక మెకానిక్ దగ్గరికి తీసుకెళ్తే ఆయన చూసి, "ఈ పంప్‌ను నమ్ముకుంటే ఏదో ఒక రోజు ఇంజన్ పోతాది, తీసేస్తా, పెట్రోల్‌లోనే ఆయిల్ కలుపుకో" అన్నాడు. నేను బీటెక్ కదా, తల ఊపేశా. చాలామంది అదే చేస్తున్నారు కూడా. లీటరుకు 25 ఎంఎల్ లెక్కన నేనే కొలిచి కలిపేవాణ్ణి. ఊళ్ళో బ్రహ్మాండంగా తిరిగింది. చంద్రగిరి, పాకాల, చిత్తూరు దాకా పోయొచ్చా, చిన్న కంప్లైంట్ కూడా లేదు.

ఆఫీసులో ఉన్నప్పుడు పాత కోడ్‌లో ఎందుకున్నాయో తెలియని నాలుగు లైన్లు తీసేసి, టెస్టులన్నీ పాస్ అయ్యాయని సంబరపడి, నెల తర్వాత అర్ధరాత్రి ఫోన్ ఎత్తిన అనుభవం నాకుంది. అయినా ఇక్కడ బుద్ధి రాలేదు.

ఎక్కేటప్పుడు 1974 నాటి రెండో ఘాట్. ఏ ఇబ్బందీ లేదు, బండి పాట పాడుకుంటూ ఎక్కింది. దర్శనం అయ్యాక మధ్యాహ్నం పాత ఘాట్ మీదుగా దిగుతున్నాం, 1944లో వేసిన రోడ్డు. వెనకాల అమ్మ, ఒళ్ళో లడ్డూల సంచి. నేను జాగ్రత్త అనుకుంటూ సెకండ్ గేర్‌లో, యాక్సిలరేటర్ పూర్తిగా మూసి, కిలోమీటర్ల కొద్దీ అట్లే దించుతున్నా. ఏడో మైలు దాటాక, మలుపుకు ముందు, వెనక చక్రం ఒక్కసారిగా బిగుసుకుంది. కీచుమని శబ్దం, బండి పక్కకు జారుతోంది. నా ఎడమ చెయ్యి దానంతట అదే క్లచ్ నొక్కింది. నేను ఆలోచించి చేసింది కాదు. చక్రం విడిపోయింది. పిట్టగోడకు మూడు నాలుగు అడుగుల దూరంలో ఆగాం. వెనకాల బస్సు ఉంది, దాని డ్రైవర్‌కు ఇప్పటికీ దండం పెడతా.

"ఏమైంది రా?" అంది అమ్మ. లడ్డూల సంచి రోడ్డు మీద ఉంది. నాకు గొంతు పెగల్లేదు.

అమ్మను ఒక జీపు ఎక్కించి పంపేశా. అరగంట ఆగి కిక్ కొడితే బండి స్టార్ట్ అయింది, అదే వింత. చల్లారాక పిస్టన్ వదిలేసింది. మెల్లగా అలిపిరి దాకా తెచ్చుకున్నా.

తర్వాత ఇంకో మెకానిక్ అన్న దగ్గర విప్పించా. మొదట కల్తీ ఆయిల్ అనుకున్నాం, తర్వాత బేరింగ్ అనుకున్నాం. పిస్టన్ చేతిలోకి తీసుకున్నాక అంతా కనిపించింది, సైలెన్సర్ వైపు నిలువుగా గీతలు. ఆయన పంప్ ఉండాల్సిన చోటు చూసి, నా ముఖం చూసి, "దీన్ని తీసేసినోడు ఎప్పుడూ ఘాట్ దిగినోడు కాదులే అబ్బోడా" అన్నాడు.

సంగతి ఇదీ. ఆయిల్ పెట్రోల్‌లోనే కలిసి ఉంటే, యాక్సిలరేటర్ మూయగానే పెట్రోల్‌తో పాటు ఆయిల్ కూడా దాదాపు ఆగిపోతుంది. ఊళ్ళో ఐదు సెకన్లు మూస్తాం, ఏం కాదు. ఘాట్‌లో చక్రమే ఇంజన్‌ను గిరగిరా తిప్పుతుంటుంది, తడి మాత్రం రాదు. ఆ పంప్ సరిగ్గా ఇందుకోసమే ఉంది.

ఇప్పుడు నష్టం లెక్క. ఈ బండి బోర్ 50 మిల్లీమీటర్లు. పట్టేసిన ప్రతిసారీ గీతలు పోయేదాకా బోర్ గీకి, పావు మిల్లీమీటర్ పెద్ద పిస్టన్ వెయ్యాలి. 0.25, 0.50, 0.75, 1.00. నాలుగే మెట్లు. ఆ తర్వాత కొత్త స్లీవ్ వెయ్యాల్సిందే. నాయన ముప్పై ఏళ్ళలో వాడింది రెండు మెట్లు. నేను రెండేళ్ళలో ఒకటి తినేశా. ఇప్పుడు 0.75 మీద ఉన్నాం, మిగిలింది ఒకటి.

పంప్ కోసం చెన్నై పుదుపేట పోయా. నగరి, తిరుత్తణి మీదుగా బస్సులో. పాత బండ్ల సామాన్లకు మన వైపు వాళ్ళందరికీ అదే దిక్కు. కొత్త ప్యాకెట్లో ఉందని ఒరిజినల్ అనుకోకండి. నేను తెచ్చింది పాత పంపే, కానీ లోపలి పళ్ళు అరగలేదు. బిగించాక రెండు పనులు మరిచిపోవద్దు: పైపులో గాలి బుడగలు పూర్తిగా తీసెయ్యాలి, కేబుల్‌ను పంప్ మీదున్న గుర్తుకు సరిపెట్టాలి. మొదటి ట్యాంక్‌కు పెట్రోల్‌లో కూడా కొంచెం ఆయిల్ కలపండి. పొగ వస్తే రానీ.

పంప్ లేని బండి ఇప్పటికే మీ దగ్గరుంటే, దిగేటప్పుడు మధ్యమధ్యలో క్లచ్ నొక్కి కొంచెం రైజ్ ఇవ్వండి, ఆయిల్ లోపలికి పోతుంది. రెండు బ్రేకులూ వాడండి, కానీ అవి డ్రమ్ బ్రేకులు, వేడెక్కితే పట్టు తగ్గుతుంది, ఆగి చల్లార్చుకోండి. ఎడమ చేతి వేళ్ళు మాత్రం క్లచ్ మీదే ఉండాలి.

ఇంకోటి, కొనాలనుకునేవాళ్ళకు. ఈ బండికి లక్ష పైన అడిగినవాళ్ళను నేను చూశా. రంగు చూసి పడిపోకుండా, ఆర్సీ రెన్యువల్ అయిందా, చాసిస్ నంబర్ కలుస్తోందా, బోర్ ఏ మెట్టు మీద ఉంది, ఈ మూడూ అడగండి. మూడోది అడిగితే అమ్మేవాడి ముఖం చూడాలి!

నాయనకు ఇదంతా చెప్పడానికి నాకు వారం పట్టింది. ఆయన తిట్టలేదు. "పంప్ తీసేయించావని ముందే ఎందుకు చెప్పలేదు?" అని ఒక్కటే అడిగాడు. సాయంత్రం తానే కిక్ కొట్టి వీధి చివరి దాకా పోయొచ్చాడు.

కొత్త పిస్టన్ మీద ఇప్పటికి 320 కిలోమీటర్లు నడిచింది, ఇంకా నలభై దాటనివ్వడం లేదు. ఘాట్ వైపు పోలేదు. అమ్మ మాత్రం వచ్చే నెల కొండకు బస్సులో వస్తానని చెప్పేసింది, నన్ను బండి మీద వెనకాల రమ్మంది. వచ్చే ఎపిసోడ్‌లో సైలెన్సర్ విప్పి కార్బన్ తీద్దాం, పాత బట్టలు వేసుకుని కూర్చోండి. బై ఫ్రెండ్స్.