పక్షవాతమునకు మెదడు తరంగముల సాయము

పక్షవాతము వచ్చి ఆరు మాసములు గడచినను రోగి పిడికిలి విచ్చుకొననిచో, ఇంటివారు ఆ చేతిపై ఆశ వదలుకొందురు. "రావలసినంత వచ్చినది, ఇక రాదు" అనుట పరిపాటి. ఈ మాటను మరల ఆలోచింపవలసిన కాలము వచ్చినది.

చేయి చచ్చుపడినదని వాడుకగా అందుము గాని, చేతి కండరములు సజీవములే. రక్తము అందకనో, రక్తనాళము చిట్లియో మెదడులో కొంత భాగము చెడినది. పిడికిలి విప్పవలెనను సంకల్పము లోపల పుట్టుచునే యుండును. చేతికి మాత్రము చేరదు.

ఆ సంకల్పమును పైనుండి కనిపెట్టుట యెట్లు? జర్మనీలో యేనా నగరపు వైద్యుడు హాన్స్ బెర్గర్ 1924లో మానవుని మెదడు విద్యుత్తరంగములను నమోదుచేసి, 1929లో ప్రకటించెను. చేయి ఊరకున్నపుడు దానిని నడపు మెదడు భాగమున సెకనుకు సుమారు పది చొప్పున తరంగములు సాగుచుండును. కదల్పవలెనని యత్నించినంతనే, చేయి కదలకున్నను, అవి సన్నగిల్లును. తలకు తొడిగిన ఎలక్ట్రోడుల ద్వారా కంప్యూటరు ఈ మార్పును పసిగట్టి, చేతికి తొడిగిన యంత్రముచే వ్రేళ్ళను విప్పించును.

ఇందు కీలకమంతయు సమయముననే యున్నది. ఒకరు వచ్చి వ్రేళ్ళు విప్పుట వేరు. తాను తలచిన క్షణముననే అవి విచ్చుట వేరు. తలపును, కదలికయు ఇట్లు మాటిమాటికి జతపడగా, మెదడులో మిగిలిన నరముల బంధములు బలపడునని శాస్త్రజ్ఞుల భావము.

అమెరికాలో ఇప్సిహ్యాండ్ అను సాధనమునకు అచ్చటి ఆహార ఔషధ పాలక సంస్థ 2021 ఏప్రిలు నెలలో అనుమతి నొసగెను. వ్యాధి వచ్చి ఆరు మాసములు దాటిన వయోజనుల కొరకే ఇది ఉద్దేశింపబడినది. సాధారణముగా కుడిచేతిని ఎడమవైపు మెదడు నడపును గదా. ఈ సాధనము చెడిన వైపును విడిచి, చెడని వైపు పుట్టు సంకేతములను చదువును. 40 మంది రోగులు 12 వారములు వాడగా అందరికిని కదలికలో మేలు కనబడెను. కొందరికి స్వల్పముగా అలసట కలిగెను, చర్మము కందెను. అయితే ఆ పరీక్షలో తమకు జరుగు చికిత్స యేదో రోగులకు తెలిసియే యుండెను. ఆశ కూడ కొంత బలము నిచ్చును. కనుక ఆ ఫలితమును నేను కొంత తగ్గించియే లెక్కింతును. నిత్యవ్యాయామమునకు ఇది తోడే గాని బదులు కాదు.

పుర్రె తెరచి చేయు మార్గమొకటి కలదు. వెన్నుపాము దెబ్బతిన్న ఒక వ్యక్తి మెదడు సంకేతములను స్విట్జర్లండులోని లోజాన్ పరిశోధకులు గాయమునకు దిగువనున్న వెన్నుపామునకు అందించి, ఆయనను నడిపించిరి. ఆ వృత్తాంతము 2023లో ప్రకటితమైనది. సాధన పిమ్మట యంత్రమును ఆపివేసినను, ఆయన చంకకర్రల ఊతతో నడువగలిగెను.