గాజు తీగలో ఎర్బియం

అమెరికాలో ఉన్న మనవడితో మీరు వీడియోలో మాట్లాడితే, ఆ మాటలు సముద్రం అడుగున గాజు తీగలో కాంతిగా పోతాయి. గాజు ఎంత స్వచ్ఛమైనా, వంద కిలోమీటర్లు పోయేసరికి ఆ కాంతిలో మిగిలేది దాదాపు నూరోవంతే. మునుపు దాన్ని విద్యుత్తుగా మార్చి, బలం పెంచి, మళ్లీ కాంతిగా మార్చేవారు. అదో ఖరీదైన తతంగం. 1987లో ఇంగ్లండులోని సౌతాంప్టన్ విశ్వవిద్యాలయంలో డేవిడ్ పేన్ బృందం గాజులోనే ఎర్బియం అనే లోహాన్ని కాస్త కలిపి ఈ బాధ తప్పించింది. 980 నానోమీటర్ల లేజర్ కాంతి పంపితే ఎర్బియం అయాన్లు ఆ శక్తిని దాచుకుంటాయి. 1550 నానోమీటర్ల సంకేతం తగలగానే అచ్చం అలాంటి కాంతినే వదులుతాయి.

అసలు కష్టమంతా ఈ తీగ తయారీలోనే. గాజు గొట్టం లోపలి గోడకు తెల్లటి మసిలాంటి సిలికా పొర పట్టించి, ఎర్బియం క్లోరైడ్ ద్రావణంలో నానబెట్టి, ఆరనిచ్చి, వేడిచేసి గట్టి కడ్డీగా మారుస్తారు. ఆ కడ్డీని కొలిమిలో మెత్తబరిచి వెంట్రుకంత సన్నగా సాగదీస్తారు. ఎర్బియం ఎక్కువైతే అయాన్లు గుంపు కట్టి, దాచిన శక్తిని తమలో తామే వృథా చేసుకుంటాయి. అందుకే అల్యూమినియం జోడిస్తారు. ఎర్బియం బదులు యిటర్బియం అనే మరో లోహం వేస్తే, ఇనుప రేకులు కోసే లేజర్లకు పనికొచ్చే తీగ వస్తుంది. మన దేశంలో కోల్‌కతాలోని కేంద్ర గాజు, సెరామిక్ పరిశోధన సంస్థ ఇలాంటి తీగల తయారీపై పనిచేస్తోంది.