ఉపగ్రహపు సన్నని పలుకు, వీధిదీపపు రొద



2005 మే 5వ తేదీన శ్రీహరికోటనుండి పి.ఎస్.ఎల్.వి.-సి6 రాకెట్టు 42.5 కిలోల హామ్‌శాట్ ఉపగ్రహమును నింగికి చేర్చినది. లైసెన్సుగల అభిరుచి రేడియోవారు, అనగా హామ్‌లు, 435 మెగాహెర్ట్జులపై పలికిన మాటను అది 145పై మరల భూమికి వినిపించెడిది. 2014లో బ్యాటరీ చెడి మూగవోయినది. అట్టి ఇతర ఉపగ్రహములు నేటికిని తిరుగుచున్నవి.

తుపానులో టెలిఫోనులు మూగవోయినపుడు వార్త నందించువారు ఈ హామ్‌లే. కాని దూరమునుండి వచ్చు స్వరము మిక్కిలి సన్నము. ఉపగ్రహము మనకు అందుబాటులో నుండునది పది పదిహేను నిమిషములే. ఆ వేళ రొద లేచినచో మాట దక్కదు.

ఇచ్చట సూరారము చెంతనే జీడిమెట్ల కర్మాగారములున్నవి. తప్పంతయు వానిపై నెట్టుట సులభము. తరచు దోషి మన వీధిలోనే యుండును: తీగకు తగులు కొమ్మ, పగిలిన పింగాణి, చౌకబారు ఎల్.ఇ.డి. దీపము.

బ్యాటరీ రేడియోను మీడియం వేవులో, స్టేషను లేనిచోట నిలిపి, ఇంటి మెయిన్ ఆపుడు. రొద ఆగినచో మూలము ఇంటనే యున్నది. ఆగకున్న వీధివెంట నడచి వినుడు. రొద తీగవెంట దూరము ప్రాకును గనుక ఒక్క స్తంభమును చూచి తీర్పు చెప్పరాదు. స్తంభమును తాకనే రాదు. అనుమానమున్న స్తంభముల గుర్తులను విద్యుత్ సిబ్బందికి వ్రాసి యిండు.

వీధిదీపములు కొనువారలారా! కొనుటకు ముందు ఒకదానిని వెలిగించి, ప్రక్కన రేడియో నుంచి వినుడు.