అడవి ప్రణాళికలో అడ్డతీగె
(గిరిజన ప్రాంత గ్రామ పంచాయితీ సభ్యుల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠము)



కొన్ని యేండ్ల క్రిందట తూర్పు కనుమలలోని ఒక కొండగ్రామమున, అడవి ప్రణాళికను చదివి వినిపించు సభకు మేము వెళ్లియుంటిమి. ప్రచారశాఖ వారము గనుక మైకు, బ్యానరు, ఫోటోలు మా వంతు. ప్రణాళిక చక్కగా అచ్చయియున్నది. పటములు, పట్టికలు ఉన్నవి. అందులో నొక అంశము, చెట్ల ఎదుగుదలకు అడ్డువచ్చు తీగెలను మొదలంట నరికివేయుట. అది చదువగానే వెనుక వరుసనుండి ఒక ముసలమ్మ లేచి, "బాబూ, ఆ తీగెల్లో మా అడ్డాకు తీగె కూడా ఉన్నట్టేనా?" అని అడిగినది. చదువుచున్న ఉద్యోగి కాగితము వంక చూచెను. కాగితములో తీగెల పేర్లు లేవు.

అడ్డతీగె సంగతి మీకు మేము చెప్పనక్కరలేదు. దాని ఆకు విస్తరి యగును, నార త్రాడగును, పిక్కలు ఉడికించుకొని తిందురు. సంతనాడు స్త్రీల చేతికి నేరుగా వచ్చు నాలుగు రూకలలో ఆ ఆకు సొమ్ము ముఖ్యమైనది. కలప లెక్కన చూచువారికి అదే తీగె చెట్టును వంచునది, విరుచునది. ఇందు ఎవరి లెక్కయు అబద్ధము కాదు. అయితే ఆ నాటి ప్రణాళికలో ఒక్క లెక్కయే యుండెను. సభ ముగిసినది, వ్రేలిముద్రలు పడినవి. "ప్రజల భాగస్వామ్యముతో అటవీ ప్రణాళిక" యని వార్త వ్రాసినవారమును మేమే. ఆ శీర్షిక మమ్ము నేటికిని గ్రుచ్చుచున్నది.

అడవి విషయమున గ్రామమును అడుగకుండుట క్రొత్త అలవాటు కాదు. 1882లో మద్రాసు అటవీ చట్టము వచ్చిన పిమ్మట పోడు, కట్టె, మేత అన్నియు అనుమతి క్రిందికి పోయినవి. 1922 నుండి 1924 వరకు అల్లూరి సీతారామరాజు వెంట మన్యము లేచుటకు ఈ ఆంక్షలు ఒక ప్రధాన కారణము. చాలకాలమునకు 1988 నాటి జాతీయ అటవీ విధానము ప్రజలను కలుపుకొని పోవలెనని చెప్పినది. 1992 నుండి నాటి ఉమ్మడి రాష్ట్రమున వన సంరక్షణ సమితులు ఏర్పడినవి. కొన్ని సమితులు మోడుబారిన కొండలను పచ్చబరచినవి, ఆ కీర్తి వారిది. కాని నిధులాగిన పిమ్మట అనేకచోట్ల సమావేశములును ఆగినవి. పని తమదని ఊరికి తోచినచోట అట్లు జరుగలేదు.

ఇప్పుడు చట్టము మాట. 2006 నాటి అటవీ హక్కుల చట్టము, తాను వాడుకొనుచు కాపాడుకొనుచు వచ్చిన అడవిని రక్షించుటకును, నిర్వహించుటకును గ్రామమునకు హక్కు నిచ్చినది. 2012లో సవరించిన నియమముల ప్రకారము గ్రామసభ తన సభ్యులనుండి ఒక కమిటీని వేయవలెను. ఆ కమిటీయే పరిరక్షణ, నిర్వహణ ప్రణాళికను వ్రాయవలెను. తమకు అవసరమని తోచిన మార్పులతో దానిని అటవీశాఖవారి వర్కింగు ప్లానుతో అనుసంధానము చేయవలెను. అనగా వ్రాత గ్రామమున మొదలు కావలెను.

ఇచ్చట పంచాయితీ సభ్యులు ఒక భేదమును గుర్తించవలెను. ఈ చట్టము చెప్పు గ్రామసభ మీ పంచాయితీ కార్యవర్గము కాదు. షెడ్యూల్డు ప్రాంతమున ప్రతి గూడెమునకును తన గ్రామసభ యుండవచ్చును. దానిని సమావేశపరచు బాధ్యత పంచాయితీది, నిర్ణయము సభది. సభ్యులలో సగము మందికి తక్కువ కాకుండ రావలెను, వచ్చినవారిలో మూడవవంతైనను స్త్రీలుండవలెను. సర్పంచిగారి సంతకము ఈ లెక్కను పూరింపజాలదు. పదునైదు మంది వచ్చిన సభలో చేసిన తీర్మానమును ఏ కంపెనీయో, ఏ కాంట్రాక్టరో రేపు ప్రశ్నించినచో నిలుచుట కష్టము.

ఇక ప్రణాళిక ఎట్లు వ్రాయవలెను? మా అభిప్రాయమున మొదటి పని నడక. పెద్దలు, పశువుల కాపరులు, ఆకుకు పోవు స్త్రీలు కలిసి వాగువెంట, గట్టువెంట సరిహద్దు నడచి గుర్తులు పెట్టవలెను. పొరుగు గూడెమువారిని కూడ పిలువవలెను. లేనిచో హక్కుపత్రము తగవుపత్రమగును. పెద్దల వాఙ్మూలమును వ్రాసికొన్నచో అదియును సాక్ష్యముగా చెల్లును. అయితే సాక్ష్యము ఒకటికంటె ఎక్కువ ఉండవలెను.

తరువాత ఒక్కొక్క వస్తువును గూర్చి తగవు పెట్టుకొనవలెను. తగవనియే యనుచున్నాము, ఏలయన అందరికిని సుఖమైన నియమము అడవిలో లేదు. ఇప్పపూవు రాలు ఫాల్గుణ చైత్రములలో పూవు కనబడుటకై చెట్టుక్రింద ఆకులకు నిప్పు పెట్టుదురు, ఆ నిప్పు కొండెక్కును. ఊడ్చి ఏరుటకు శ్రమ హెచ్చు. ఆ శ్రమ ఎవరు పడవలెనో ఏరువారే తేల్చవలెను. నరమామిడి పట్టను చుట్టును ఒలిచినచో చెట్టు చచ్చును, ఒక ప్రక్క కొంత ఒలిచి విడిచినచో ఆ రోజు కూలి తగ్గును. తపసి బంకకు గొడ్డలితో లోతుగా గాటుపెట్టుటా, చిన్న పనిముట్టుతో పైపైన గీయుటా? ఉసిరికాయకై కొమ్మ విరుచువానికి జరిమానా ఎంత? ఆ జరిమానా సర్పంచిగారి అల్లునికిని వర్తించునా? నవ్వుచున్నారు గాని, ప్రణాళికలు చెడునది ఇచ్చటనే.

వెదురు విషయమున అటవీశాఖవారి చదువు మనకు మిక్కిలి పనికివచ్చును. పొదలో ఒకటి రెండేండ్ల లేతబొంగులను విడిచి మూడేండ్లు నిండినవానినే కొట్టవలెననియు, వానకాలమున కొమ్ములు లేచువేళ కొట్టరాదనియు, దుంపను పెకలింపరాదనియు వారు చెప్పుదురు. ఆ మాట వినవలెను. ఏ కొండ ఏ యేట విశ్రమించవలెనో గ్రామము చెప్పవలెను. గ్రామమునకు అన్నియు తెలియునని మేము పొగడుట లేదు. సంతలో ధర పెరిగిన యేడు పచ్చికాయను సైతము దులిపినది మనవారే.

ఇది అయ్యెడి పనియేనా యనువారికి పొరుగు రాష్ట్రము చూపుచున్నాము. మహారాష్ట్రలో గడ్చిరోలి జిల్లా తెలంగాణ సరిహద్దున నున్నది. అచ్చటి మేండా లేఖా యను గోండు గ్రామము 2009లో సుమారు 1,800 హెక్టారుల అడవిపై సాముదాయక హక్కు పొందినది. పత్రము వచ్చినంత మాత్రమున వెదురు బండి కదలలేదు. రవాణా పర్మిట్టుకై పోరాడి 2011లో దానిని సాధించిరి. ఆ ఊరి నిర్ణయములు ఓట్లతో గాక సర్వసమ్మతితో జరుగును. ఒక్కరు కాదన్నను మాట్లాడుట కొనసాగును. ఆలస్యమగును, నిజమే. ఆ ముసలమ్మ ప్రశ్నకు జవాబు చెప్పుటకు అంత తీరిక కావలెను.

ఆమె అడిగిన తీగె సంగతి ఏమైనదో చెప్పక తప్పదు. మరుసటి యేట మేము మరల ఆ దారిని పోయితిమి. రోడ్డు ప్రక్కనున్న కొండపై తీగెలు నరికియుండెను. ఆకు కొరకు ఆ ఊరి స్త్రీలు రెండవ కొండ దాటి పోవుచున్నామనిరి.

మాఘమాసము దాటకముందే మీ గూడెములలో సభలు పిలిచినచో, నిప్పు ప్రాకకుండ ఆకు ఊడ్చి బాటలు తీయు పని ఈ వేసవికే అందును. సభ తేదీని వారము ముందుగా చాటింపు వేయించుడు, ఆకుకు పోవువారు ఇంటనుండు వేళ చూచి పెట్టుడు. మైకు కావలెనన్నచో మాకు జాబు వ్రాయుడు, పంపెదము. ఫోటోలకు మాత్రము ప్రణాళిక చదివి, తగవులు తీరి, సంతకములు పడిన పిమ్మటనే వచ్చెదము.