క్రిస్మస్ పండుగ - అంగడి వాకిలి

వర్తకుల చేతిలో పడి క్రిస్మస్ పండుగ చెడిపోయినదన్న మాట ప్రతి డిసెంబరులోను వినబడుతూ ఉంటుంది. ఒకప్పుడది భక్తితో, ఇంటిపట్టున, నిరాడంబరముగా జరిగేదనీ, తరువాత దుకాణదారులు ప్రవేశించి దానిని సంతగా మార్చినారనీ ఆ మాటలోని భావము. పాత సంగతులు తిరుగవేసి చూచినప్పుడు మాకు కథ అంత సూటిగా కనబడలేదు.

అసలు ఈ పండుగను మొదట గట్టిగా కాదన్నవారు భక్తిలేనివారు కారు, పరమభక్తులు. ప్యూరిటనులనే క్రైస్తవులు, క్రీస్తు ఫలానాదినమున జన్మించినాడని బైబిలు చెప్పలేదు గనుక ఇది మానవకల్పితమని వాదించినారు. ఆనాటి క్రిస్మస్‌లో త్రాగుడు, జూదము, వీధులలో అల్లరి మెండుగా ఉండుటచేత వారి వాదమునకు బలము చేకూరినది. ఇంగ్లండు పార్లమెంటు 1647లో పండుగను రద్దుచేసినది. 1660లో రాజు తిరిగివచ్చిన తరువాత గాని దానికి మరల గౌరవము కలుగలేదు. అమెరికాలోని మసాచుసెట్స్ వలసలో 1659 నాటి చట్టము ప్రకారము, పనిమాని పండుగ చేసుకొన్నవారికి అయిదు షిల్లింగుల జరిమానా. 1681లో ఆ చట్టము పోయినది గాని ఆ అభిప్రాయము చాలకాలము పోలేదు. వీరెవ్వరికీ దుకాణములపై ఫిర్యాదు లేదు. పండుగనాడు దుకాణములు తెరచి ఉండవలెననియే వారి పట్టుదల!

పిల్లలు, అలంకరించిన చెట్టు, కానుకలు, దూరపు బంధువులకు శుభాకాంక్షలు - ఇప్పుడు మనమెరిగిన ఈ ఇంటిపండుగ చాలవరకు పందొమ్మిదవ శతాబ్దములో రూపుదిద్దుకొన్నది. అది రూపుదిద్దుకొంటున్నప్పుడే అంగడి దాని ప్రక్కన నిలిచి ఉన్నది. 1843వ సంవత్సరము సంగతి చూడండి. లండనులో హెన్రీ కోల్ అనే ప్రభుత్వోద్యోగి ఉండేవారు. 1840లో పెన్నీ తపాలా నెలకొనుటకు పాటుపడినవారిలో ఆయన ఒకరు. తపాలా చౌక అయినకొలదీ ఉత్తరములు పెరిగినవి. పండుగనాటికి వాటన్నిటికీ జాబులు వ్రాయుటకు ఆయనకు తీరిక లేకపోయినది. తాను తెచ్చిన సదుపాయము తనకే చుట్టుకొన్నదన్నమాట! అందుచేత జాన్ కాల్కాట్ హార్స్లీ అనే చిత్రకారునిచేత బొమ్మ వేయించి, సుమారు వెయ్యి కార్డులు అచ్చువేయించినారు. తనకు కావలసినవి పోగా మిగిలినవి ఒక్కొక్కటి షిల్లింగు చొప్పున అమ్మకమునకు వచ్చినవి. ఆ షిల్లింగుతో పన్నెండు ఉత్తరములు పంపవచ్చును. ఆ కార్డులో రెండువైపుల బీదలకు అన్నవస్త్రములిచ్చు దృశ్యములున్నవి. నడుమ ఒక కుటుంబము పానపాత్రలెత్తి శుభము కోరుతున్నది. చిన్నపిల్లకు కూడ ద్రాక్షసారా త్రాగించుచున్నట్లు చిత్రించుట చూచి మద్యపాన వ్యతిరేకులు మండిపడినారు. కార్డు అమ్ముడగుటను గురించి కాదు, అందులోని గ్లాసును గురించి. మన ఇండ్లకు జనవరిలో వచ్చిన గ్రీటింగు కార్డులన్నీ ఈ వంశములోనివే.

ఆ డిసెంబరులోనే, 19వ తేదీన, డికెన్స్ వ్రాసిన 'క్రిస్మస్ కేరల్' వెలువడినది. ఒక పరమలోభి మనసు మారిన కథ. రంగుల బొమ్మలతో, బంగారు అంచులతో, అయిదు షిల్లింగుల వెలతో అది పండుగ అంగడికి తగిన వస్తువుగానే తయారయినది. పండుగలోపల ఆరువేల ప్రతులు చెల్లినప్పటికీ, అచ్చు సొగసులకైన ఖర్చుచేత రచయితకు ఆశించిన లాభము రాలేదు. డబ్బును ప్రేమింపవద్దని చెప్పిన పుస్తకము డబ్బు కొరకే వ్రాయబడినదని ఆక్షేపించుటకు మాకు మనసొప్పదు. ఆయనకు అప్పులూ ఉన్నవి, ఆవేదనా ఉన్నది.

ఇక మాకు న్యాయమని తోచిన ఆక్షేపణ మరియొకటి ఉన్నది. అది గుడిలో పుట్టలేదు, అంగడి బల్ల వెనుకనే పుట్టినది. న్యూయార్కులోని మేసీ దుకాణము 1867లో క్రిస్మస్ ముందురాత్రి పన్నెండు గంటలవరకు తెరచి ఉన్నది. క్రమముగా పెద్ద నగరములలో డిసెంబరు అంతా దుకాణములలో పనిచేయు బాలికలకు రాత్రి చాలప్రొద్దుపోవువరకు నిలువుకాళ్ళ ఉద్యోగమైనది. ఆ అదనపు గంటలకు తరచు జీతము లేదు. పైగా పై అధికారులకు కానుకలీయుటకు ఆ కొద్దిజీతములోనుండియే చందాలు! ఈయకపోతే అధికారికి కోపము వచ్చునేమోనన్న భయము. 1912లో ఎలినార్ బెల్మాంటు, ఆన్ మోర్గన్ అనే సంపన్న మహిళలు పూనుకొని పనికిరాని కానుకల నివారణకొక సంఘము స్థాపించినారు. అందులో ఉద్యోగినులు వేలసంఖ్యలో చేరినారు. మాజీ అధ్యక్షుడు థియొడోర్ రూజ్వెల్టు కూడ చేరినాడు. కానుక మానుమని వారు చెప్పలేదు. భయముచేత ఇచ్చునది కానుక కాదన్నారు.

దుకాణపు బాలికల శ్రమ తగ్గించుటకు సంస్కర్తలు మరియొక నినాదము కూడ లేవదీసినారు: పండుగ బేరములు చివరి దినములవరకు ఆపక ముందుగానే చేయుడని. వర్తకులు దీనిని ఎదిరించలేదు. ఎంతో సంతోషముతో తమ ప్రకటనలలోనికి ఎక్కించుకొన్నారు. బేరముల ఋతువు ముందునకు జరిగి, నవంబరులోనే ప్రారంభమైనది.