సొంత ఇల్లు, ఋణభారం: మన సమష్టి బాధ్యత

సకల స్తోత్రాలు సర్వలోకాల ప్రభువైన అల్లాహ్‌కే శోభిస్తాయి. ఆయన అంతిమ ప్రవక్త ముహమ్మద్ (సల్లల్లాహు అలైహి వసల్లం)పై, ఆయన కుటుంబీకులపై, సహచరులపై శాంతి శుభాలు వర్షించుగాక!



గత శుక్రవారం నమాజు ముగిసిన తరువాత ఒక యువకుడు వచ్చి నా దగ్గర కూర్చున్నాడు. అవివాహితుడు. లాలాగూడలో తల్లితో కలిసి అద్దె ఇంట్లో ఉంటున్నాడు. నెలజీతం 35,000 రూపాయలు. పదేళ్లలో ఐదు ఇళ్లు మారారు. “ఇమామ్ సాబ్, బ్యాంకు ఇరవై లక్షలు ఇస్తానంటోంది. సంతకం పెట్టమంటారా?” అని అడిగాడు.

“వద్దు” అని ఒక్కమాట చెప్పి పంపడం సులభమే. కాని ఆ మాట విన్న తరువాత అతడు తల్లిని వెంటబెట్టుకొని ఆరో ఇంటికి వెళ్లాలి. నేడు ఈ మస్జిదులో కూర్చున్న మనందరినీ ఉద్దేశించి అడిగిన ప్రశ్నగా దానిని స్వీకరిద్దాం.

సోదరులారా! ఇల్లు కోరుకోవడం దురాశ కాదు. గృహాన్ని మానవునికి విశ్రాంతి స్థానంగా చేయడం తన అనుగ్రహాలలో ఒకటని అల్లాహ్ సూరా నహ్ల్‌లో గుర్తు చేశాడు. అప్పు తీసుకోవడం కూడా స్వతహాగా పాపం కాదు. దివ్య ఖుర్‌ఆన్‌లో అన్నింటికంటే పొడవైన ఆయతు, సూరా బఖరా 282వ ఆయతు, అప్పును వ్రాతపూర్వకంగా నమోదు చేసే పద్ధతిని బోధిస్తుంది. దాని తరువాతి ఆయతు తాకట్టును అనుమతిస్తుంది. దైవప్రవక్త (స) పరమపదించిన నాటికి ఆయన కవచం యవల కోసం ఒక యూదుని వద్ద తాకట్టులో ఉన్నదని సహీహ్ బుఖారీ హదీసు తెలుపుతుంది.

నిషిద్ధమైనది వడ్డీ. సూరా బఖరా 275 నుండి 279 వరకు గల ఆయతులలో దానిపై ఎంత కఠినమైన హెచ్చరిక ఉన్నదో మీకు తెలుసు. ఆ కఠినత్వానికి కారణం మన యువకుని లెక్కలోనే కనిపిస్తుంది. ఇరవై లక్షలు, సాలుకు 8.5 శాతం వడ్డీ, 20 ఏళ్ల గడువు అనుకుందాం. నెలవాయిదా సుమారు 17,356 రూపాయలు. మొదటి నెల కట్టిన సొమ్ములో 14,167 రూపాయలు వడ్డీకే పోతాయి. అసలులో తగ్గేది 3,189 మాత్రమే. ఇరవై ఏళ్లలో కట్టే మొత్తం 41 లక్షల 65 వేలు. “భారం తగ్గుతుంది, 30 ఏళ్లు పెట్టుకో” అని ఎవరైనా చెబితే నెలకు తగ్గేది రెండు వేలు. కట్టవలసిన మొత్తం 55 లక్షలు దాటుతుంది.

ఒంటరి సంపాదనపరునికి ఈ బరువు రెండింతలు. ఉద్యోగం పోతే ఆదుకునే రెండో జీతం లేదు. మరణిస్తే, సూరా నిసా ఆదేశం ప్రకారం వారసత్వపు పంపకానికి ముందే అప్పు తీరాలి. అంటే ఆ తల్లికి ఇంటితోపాటు ఋణమూ మిగులుతుంది.

మరి ధర్మశాస్త్రం ఏమంటుంది? వడ్డీతో కూడిన గృహఋణం అనుమతించబడదని అత్యధిక సంఖ్యాకులైన ఉలమా అభిప్రాయం. నివాసానికి వేరే మార్గం లేని ముస్లింలకు, మొదటి ఇంటికి మాత్రమే, షరతులతో ఐరోపా ఫత్వా మండలి 1999లో సడలింపునిచ్చింది. దానిని అంగీకరించని పండితులూ అనేకులున్నారు. కాబట్టి మన కోరికకు మనమే ‘అగత్యం’ అని పేరు పెట్టుకోరాదు. జీతం, అద్దె, పోషించవలసినవారు, ఇంటి ధర అన్నీ కాగితంపై వ్రాసి, విశ్వసనీయుడైన ముఫ్తీ ముందు పెట్టండి. నిజం దాచి తెచ్చుకున్న ఫత్వా పరలోకంలో మనకు రక్షణ కాజాలదు.

దీనితోపాటు ధర్మసమ్మతమైన మార్గాలనూ వెదకాలి. మన దేశంలో ఇస్లామీయ బ్యాంకింగ్ ప్రతిపాదనను ముందుకు తీసుకుపోరాదని రిజర్వు బ్యాంకు నిర్ణయించినట్లు 2017లో వెల్లడైంది. అయినా ద్వారాలన్నీ మూసుకుపోలేదు. అమ్మకందారు నగదు ధర కంటే కొంత ఎక్కువైనా ఒకే ధర నిర్ణయించి, వాయిదాలలో పుచ్చుకోవచ్చు. ధర ఒప్పందం నాడే ఖరారు కావాలి, ఆలస్యమైతే పెరగరాదు. అటువంటి బేరాన్ని అత్యధిక ఫుఖహా సమ్మతించారు. మనలో ఫ్లాట్లు కట్టి అమ్మేవారున్నారు, రెండో ఇల్లు గలవారున్నారు. ఈ మాట ముందుగా వారికే చెబుతున్నాను.

మార్గం ఏదైనా, ఆస్తిని పరీక్షించడం విధి. ఈసీ, లింకు దస్తావేజులు, నిర్మాణ అనుమతి చూడండి. సికింద్రాబాద్ కంటోన్మెంట్ పరిధిలో కొన్నిచోట్ల కట్టడం ఒకరిది, నేల ప్రభుత్వానిది. అక్కడ కొనే ముందు రక్షణ భూముల రిజిస్టరులో విచారించండి. వక్ఫ్ భూమి అమ్మకం చెల్లదు. వక్ఫ్ బోర్డులో అడిగి తెలుసుకోండి. రిజిస్ట్రేషన్ ఖర్చు చేతి నుండే పెట్టుకోవాలని మరువకండి. ఇప్పటికే ఋణంలో ఉన్న సోదరులు వీలైనంత త్వరగా బయటపడాలి. మారే వడ్డీరేటు గల గృహఋణాన్ని ముందుగా తీర్చే వ్యక్తి నుండి బ్యాంకు జరిమానా తీసుకోరాదు. పూర్తిగా తీర్చిన 30 రోజులలో అసలు దస్తావేజులు తిరిగి ఇవ్వాలి. ఇవి రిజర్వు బ్యాంకు నిబంధనలు.

సోదరులారా! ఒకనాడు ఒక జనాజా వచ్చింది. మరణించిన వ్యక్తి అప్పు మిగిల్చాడని తెలిసి, దైవప్రవక్త (స) స్వయంగా నమాజు చేయించడానికి వెనుకాడారు. అబూ ఖతాదా (రజి) ముందుకు వచ్చి ఆ అప్పు తన బాధ్యత అన్నారు. అప్పుడు ఆయన నమాజు చేయించారు. ఈ హదీసు వినిపించి అప్పులవారిని భయపెడుతూ ఉంటాం. అబూ ఖతాదా స్థానంలో ఎవరు నిలబడతారని మాత్రం ఎన్నడూ అడగం.

ఇది మన నగరానికి కొత్త విషయం కాదు. హైదరాబాదులో 1908లో జన్మించి, ఉస్మానియాలో బోధించి, ప్యారిస్‌లో స్థిరపడిన డాక్టర్ ముహమ్మద్ హమీదుల్లాహ్ గారు ఇక్కడి వడ్డీలేని సహకార ఋణసంఘాలను గురించి లోకానికి వ్రాసి తెలియజేశారు. మన తాతలు చేసినది మనం చేయలేమా? వంద కుటుంబాలు నెలకు 500 రూపాయల చొప్పున పొదుపు చేస్తే ఏడాదికి ఆరు లక్షలు. ఒకరి ముందస్తు చెల్లింపుకు ఖర్జె హసనాగా అది చాలు. తీరిన సొమ్ము మరొకరికి అందుతుంది. అయితే ‘హలాల్ లాభం’ అనే మాట నమ్మి మోసపోయినవారు మన మధ్యనే ఉన్నారు. కనుక లాభం ఆశ చూపరాదు. 1995 నాటి పరస్పర సహాయక సహకార సంఘాల చట్టం వంటి చట్టం కింద నమోదు చేయించి, లెక్కలు ప్రతినెలా అందరికీ చూపాలి. ఆ సొమ్ము అమానతు.

ఆ యువకునితో నేను ఇలా అన్నాను: “ఈ వారం సంతకం పెట్టకు. కాగితాలు తీసుకొని రా, ముఫ్తీ గారి వద్దకు కలిసి వెళదాం. ఇల్లు అమ్మే పెద్దమనిషితోనూ నేను మాట్లాడతాను.” నాతో వచ్చేవారెవరైనా ఉంటే నమాజు తరువాత కాసేపు ఆగండి. అతడు మొదటి వరుసలోనే ఉన్నాడు.

అల్లాహ్ మనకు ధర్మసమ్మతమైన ఉపాధిని, ప్రశాంతమైన గృహాన్ని ప్రసాదించుగాక! ఋణభారం నుండి, వడ్డీ నుండి మనలను కాపాడుగాక! సాటి సోదరుని భారాన్ని పంచుకునే భాగ్యాన్ని మనకు కలుగజేయుగాక! ఆమీన్.