రాతి మీది యుద్ధం

(చందాపురలో జరిగిన ఉపకార వేతనాల పంపిణీ సభలో ఒక తండ్రి చేసిన ప్రసంగం)



నేను పెద్దగా చదువుకున్నవాణ్ణి కాను. పక్కనే జిగణిలో గ్రానైట్ కోసే పనిలో ఇరవై ఏళ్లు గడిపాను. మా అమ్మాయి పీయూసీ అయ్యాక చరిత్ర చదువుతానంది. "చరిత్ర కూడు పెడుతుందా?" అని కసిరాను. తను ఎదురు చెప్పలేదు. ఒక రాయి ఫోటో తెచ్చి నా ముందు పెట్టింది.

అది పారిస్‌లో ఫ్రాన్స్ జాతీయ గ్రంథాలయంలో ఉన్న ప్రాచీన పర్షియా రత్నం. వెడల్పు సుమారు 10 సెంటీమీటర్లు. క్రీ.శ. 260లో ఎడెస్సా దగ్గర, అంటే నేటి టర్కీలో, పర్షియా రాజు మొదటి షాపూర్ రోమ్ చక్రవర్తి వలేరియన్‌ను బందీగా పట్టుకున్నాడు. రాతి మీద ఇద్దరూ గుర్రాలపై ఎదురెదురుగా ఉన్నారు. వలేరియన్ కత్తి ఎత్తాడు. షాపూర్ కత్తి ఒరలోనే ఉంది. ఉత్త చేత్తో అతని చేయి పట్టేశాడు!

నేను పనితనం చూశాను. అది సార్డోనిక్స్ అనే పొరల రాయి. లేత పొరలో బొమ్మలు, ముదురు పొర వెనుక నేల. ఆ రాయి ఉలికి లొంగదు. తిరిగే పనిముట్టుకు గట్టి రాపిడి పొడి అద్ది కొంచెం కొంచెంగా అరగదీయాలి. ఒక్కచోట ఎక్కువ అరిగిందా, మళ్లీ అతకదు. ఇలాంటి జాతి రాళ్లు మన శాతవాహనుల పైఠాన్ నుంచి 1వ శతాబ్దంలో బండ్ల మీద భరుకచ్ఛం రేవుకు చేరేవట.

మా అమ్మాయి మాత్రం వేరే ప్రశ్న వేసింది. "నాన్నా, ఇది ఎవరు చెప్పిన కథ?"

నక్ష్-ఎ-రుస్తమ్ శాసనంలో షాపూర్ "స్వహస్తాలతో పట్టుకున్నాం" అని మూడు భాషల్లో చెక్కించుకున్నాడు. రాయి ఆ మాటే చూపిస్తుంది. తర్వాతి కాలపు గ్రీకు చరిత్రకారుడు జోసిమస్ మాత్రం, సంధి మాట్లాడటానికి కొద్దిమందితో వెళ్లిన వలేరియన్‌ను శత్రువులు పట్టుకున్నారని రాశాడు. గెలిచినవాడి కథ రాతి మీద నిలిచింది. దాన్ని రెండో కథతో పోల్చి చూడటమే చరిత్ర చదువు.

ఇరవై ఏళ్లు రాయి కోశాను గాని, రాయిని ప్రశ్నించాలని నాకు తోచలేదు. ఆ వారమే నేనే వెళ్లి బి.ఏ. దరఖాస్తు తెచ్చాను.

తల్లిదండ్రులారా, పిల్లలు కోరిన చదువును కసరకముందు ఒక్కసారి వినండి. పిల్లలూ, ఏది చదివినా "ఇది ఎవరి మాట?" అని అడగండి. సెలవు.